గుంజ మీద ఐదు గంట్లు

మా నాన్నమ్మకి అక్షరం రాదు. కానీ మా లోయ మొత్తం ఆమెకు నోటికి వచ్చు. ఎవరైనా కొత్తవాళ్లు ఇంటికి వచ్చి "మీ ఊరు ఎంతుంటుంది?" అని అడిగితే చాలు, కుడి చెయ్యి కొండ వైపు చాచి పైనుంచి కిందకి మొదలుపెట్టేది.

"మీద కొండ. కొండ మీద గర్జన్ చెట్లు, పడౌకు చెట్లు. అది సర్కారు జంగిల్, మనం ముట్టకూడదు. జంగిల్ కింద సుపారీ తోట. తోట కింద పొయ్యిలు, బారా పొయ్యిలు. పొయ్యిల కింద కొబ్బరి. కొబ్బరి కింద పొలం. పొలం కింద కట్ట. కట్ట కింద ఖాడీ. ఖాడీ తర్వాతది దేవుడిది."

సముద్రం నేల లోపలికి వేలు పెట్టినట్టు పాకి వచ్చే ఉప్పు కాలవని ఇక్కడ ఖాడీ అంటాం. పొయ్యిలంటే ఇళ్లు, బారా అంటే పన్నెండు. మనుషులని లెక్కపెడితే ఆయుష్షు తగ్గుతుందని నాన్నమ్మ పొయ్యిలనే లెక్కపెట్టేది. ప్రార్థన తెలుగులో చేసేది గానీ లెక్క మాత్రం హిందీలోనే.

ఆ పాఠం నాన్నమ్మకి వాళ్ల నాన్న నేర్పాడు. ఆయన తెల్లదొరల కాలంలో శిక్ష పడి, ఓడలో ఈ దీవికి వచ్చినవాడు. హిందుస్థాన్‌లో ఎక్కడో లోపల జిల్లా ఆయనది, అంతకుముందు సముద్రం చూసి ఎరగడు. శిక్ష కొంత గడిచాక, సేద్యం చేసుకుని బతకమని ఫెరార్గంజ్ వైపు ఈ లోయలో నేల ఇచ్చారట. దొరలు నేల కొలవడానికి వచ్చినప్పుడు ఇనప గొలుసు ఒక కొస ఈయన పట్టుకున్నాడు. దొర పక్కన గుమాస్తా ఒకడు గట్టిగా చెబుతూ పుస్తకంలో రాసుకున్నాడట. కొండ ఎంత, అడవి ఎంత, ఇళ్లెన్ని, ఎద్దులెన్ని, వరి పండే నేల ఎంత. ఈయనకి చదువు రాదు. విన్నది విన్నట్టు మనసులో పెట్టుకున్నాడు. ఆ పుస్తకం ఏ ఆఫీసుకి పోయిందో మాకు తెలీదు. మా లోయ మాత్రం నాన్నమ్మ నోట్లో మిగిలింది.

మా తాత శ్రీకాకుళం నుంచి కలప కోసే కూలీగా వచ్చి నాన్నమ్మని పెళ్లి చేసుకున్నాడు. అలా ఈ ఇంటికి తెలుగు వచ్చింది, చర్చి వచ్చింది. పొలం మాత్రం నాన్నమ్మదే.

నేను ఐదో తరగతి దాకానే చదివాను. బడిలో కంటే చర్చిలో, కీర్తనల పుస్తకం పట్టుకుని నేర్చుకున్న అక్షరాలే ఎక్కువ. పేజీల కొద్దీ రాయడం ఇదే మొదలు. సునామీ తర్వాత నాన్నమ్మ పాఠంలో ఒక వరుస మారింది. అది ఎలా మారిందో చూసినవాళ్లలో ఇప్పుడు నాన్నమ్మ లేదు, నాన్న లేడు. నేనున్నాను. అందుకని రాస్తున్నాను.

ముందు గుంజ గురించి చెప్పాలి.

పొలానికీ ఖాడీకీ మధ్య మట్టికట్ట ఉండేది. కట్టకి ఒక చోట చెక్క గేటు. వానాకాలం పొలంలో నీళ్లెక్కువైతే పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడు, గేటు ఎత్తి నీళ్లు ఖాడీలోకి వదలాలి. పోటు వేళ, అంటే సముద్రం ఎక్కినప్పుడు, మూసెయ్యాలి. ఒక్కసారి మరిచిపోతే ఉప్పునీళ్లు పొలంలోకి వచ్చేస్తాయి. అందుకని నాన్నమ్మ వాళ్ల నాన్న గేటు పక్కన పడౌకు గుంజ ఒకటి పాతి, దాని మీద గొడ్డలితో ఐదు గంట్లు పెట్టాడు. గంటుకీ గంటుకీ మధ్య ఒక జాన. కింది గంటు సరిగ్గా గేటు దూలానికి సమానం. పై గంటు సరిగ్గా కట్ట తలకి సమానం. మామూలు రోజుల్లో పోటు ఒకటో గంటు దాటదు. అమావాస్యకీ పౌర్ణమికీ రెండో గంటు తాకుతుంది. తుపాను గాలి ఉంటే మూడు. నాలుగో గంటు తడవడం నాన్నమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఇంక విత్తనం. ఆ వరి బర్మా వైపు నుంచి వచ్చిందంటారు. నా భుజం దాకా ఎదిగేది, గింజ లావు, అన్నం కొంచెం ఎర్రగా ఉంటుంది. నాన్నమ్మ వాళ్ల నాన్న మొదటి పంట నుంచి ఏటేటా అదే విత్తనం. కోతలప్పుడు పై మడిలో ముందు కోసి, ఆరబెట్టి, పేడతో అలికిన వెదురు గంపలో పోసి, అటక మీద పెట్టాకే మిగతా పొలంలో కొడవలి పెట్టాలి. అది మా ఇంటి పద్ధతి. ఆ విత్తనం గంపలో ఒక్క ఏడాదే బతుకుతుంది. మరుసటి వానల్లో నేలలో పడకపోతే మొలక రాదు.

సునామీ వచ్చిన డిసెంబరులో విత్తనం గంప అటక మీదకి వెళ్లింది. మిగతా పంట పొలంలోనే ఉంది. క్రిస్మస్ అయిపోయి మర్నాడు ఆదివారం. ఆరాధనకి వెళ్లాలని అమ్మ పొద్దున్నే నాకు జడ వేస్తోంది. ఇల్లు ఊగింది. ముందు మెల్లగా, తర్వాత ఎవరో పట్టుకుని కుదిపినట్టు. బయటకి పరిగెత్తాం. కొబ్బరిచెట్లు గాలి లేకుండా ఊగుతున్నాయి. బావిలో నీళ్లు గట్టు దాటి బయటకి ఒలుకుతున్నాయి. నాన్నమ్మ వాకిట్లో కూర్చుని రెండు అరచేతులూ నేలకి ఆనించింది, పసిబిడ్డని జోకొడుతున్నట్టు.

"ఉండు. ఉండమ్మా. అయిపోనాది, అయిపోనాది," అంటోంది నేలతో.

నేల ఆగింది. కొంతసేపటికి ఖాడీ వైపు నుంచి పెద్ద శబ్దం. అల నేను చూడలేదు. మడ చెట్ల తలలు ఒకదాని తర్వాత ఒకటి ఇటు వంగడం చూశాను. తర్వాత కట్ట మధ్యలో తెగి, పండిన పొలం మీద బురదనీళ్లు పరుచుకున్నాయి. వెనక్కి పోయాయి. మళ్లీ వచ్చాయి. కొబ్బరిచెట్ల మొదళ్ల దగ్గర ఆగాయి.

మా లోయలో ప్రాణం పోలేదు. నికోబారు దీవుల్లో ఊళ్లకి ఊళ్లే పోయాయని తర్వాత తెలిసింది. అక్కడివాళ్లు క్యాంపుల్లో కూర్చుని ఎటో చూస్తుంటే పొలం పోయిందని చెప్పుకోవడానికి మాకు నోరు రాలేదు.

అయితే పొలం పోయిందని నాన్న ఒప్పుకోలేదు. నీళ్లు ఎక్కాయి, దిగుతాయి అనేవాడు. తుపాను నీళ్లు దిగలేదా? వరద దిగలేదా? ఎక్కిన నీళ్లు దిగకపోవడం ఆయన చూడలేదు. ఎవరు చూశారు గనక?

రోజుకి రెండుసార్లు సముద్రం మా పొలంలోకి వచ్చి వెళ్లేది. నాన్నా, పక్కింటివాళ్లూ కలిసి గోనెసంచుల్లో మట్టి నింపి కట్ట తెగిన చోట పూడ్చడం మొదలుపెట్టారు. నాన్నమ్మకి మోకాళ్ల నొప్పి. ఆ బురదలో గేటు దాకా నడవలేదు. అందుకని ప్రతి అమావాస్యకీ నాన్న గేటు దగ్గరకి వెళ్లి గుంజ చూసి వచ్చేవాడు. ఆమె వాకిట్లో ముక్కాలి పీట మీద కూర్చుని అడిగేది.

"ఎన్ని గంట్లురా?"

మొదటి అమావాస్యకి నాన్న తల వంచుకుని, "మొత్తం ములిగిపోనాయే అమ్మా. గుంజ తల కూడా కనబడ్డం నేదు," అన్నాడు.

తర్వాత అమావాస్యకి, "ఐదో గంటు కాడుంది."

ఆ తర్వాత, "నాలుగు."

ఎండాకాలం వచ్చేసరికి, "మూడమ్మా! మూడో గంటు!" అని కట్ట మీద నుంచే కేకేసుకుంటూ వచ్చాడు. అమ్మ ఆ రోజు పాయసం వండింది. నాన్నమ్మ మాత్రం పాయసం తినకుండా గిన్నె పక్కన పెట్టి కూర్చుంది. కొబ్బరిచెట్ల మొదళ్ల దగ్గర నీటి చార ఎక్కడుందో అక్కడే ఉంది. అది ఆమెకి వాకిట్లోంచే కనబడుతుంది.

అప్పుడే డిగ్లీపూర్ నుంచి మేనత్త ఫోను చేసింది. డిగ్లీపూర్ అంటే మా దీవులకి ఉత్తరం కొస. మేనత్తని అక్కడ ఇచ్చారు. మా ఊళ్లో కొట్టుకి ఫోను వస్తే అందరం వెళ్లి వరసగా మాట్లాడేవాళ్లం. ఆ కొట్టు భయ్యా ఫోను స్పీకరులో పెట్టి, ఊరందరితో పాటు తానూ వినేవాడు.

"అమ్మా, ఇక్కడ సముద్రం ఎల్లిపోనాదే!" అంది మేనత్త.

"ఎక్కడికి ఎల్లిపోనాది?"

"నాకేటి తెల్సు? ఎనక్కి ఎల్లిపోనాది. మళ్లీ రానేదు. రాళ్లన్నీ బయటికొచ్చీసినాయి. మేం సెప్పులేసుకుని నడుస్తన్నాం వాటి మీద."

నాన్న ఫోను లాక్కున్నంత పని చేశాడు. ఇంటికి వచ్చే దారిలో ఆయన మొహం వెలిగిపోతోంది. "సూసినావా అమ్మా? ముందు ఉత్తరాన్నుంచి దిగుతాది. అక్కడ దిగిపోనాది. ఇంక మన వంతే. ఈ వానలకి ఉభాలు మన పొలంలోనే."

ఉభాలంటే నాట్లు. నాన్నమ్మ ఇంటికి వచ్చి నన్ను అటక ఎక్కించి గంప దింపించింది. గింజలు అరచేతిలోకి తీసుకుంది. వాసన చూసింది. తర్వాత రెండు సంచులు పరిచి, ఒక డబ్బాడు ఇందులో, ఒక డబ్బాడు అందులో, గంప అంతా రెండు భాగాలు చేసింది. "ఏక్, ఏక్. దో, దో," అంటూ.

"ఇదేటమ్మా?" అన్నాడు నాన్న.

"ఇది నీది. ఇది నాది. నాది డిగ్లీపూర్ తీసుకెళ్తాను. ఆ సముద్రం ఎల్లిపోయిన జాగా ఏదో నేను సూడాల. గుంట తోడొస్తాది."

గుంటంటే నేనే.

"నా మీద నమ్మకం నేదా?"

"నీ మీద ఉందిరా బేటా. విత్తనం మీదే నాకు భయం. దానికి ఈ ఏడు ఒక్కటే ఏడు."

నాన్న అలిగాడు. అయినా మేము బయల్దేరిన పొద్దున సంచి భుజాన వేసుకుని రోడ్డు దాకా తెచ్చి, బస్సులో నాన్నమ్మ కాళ్ల దగ్గర పెట్టింది ఆయనే. "తడవనీకు," అని నాతో ఒక్క మాట అన్నాడు.

డిగ్లీపూర్‌కి బస్సులో రోజంతా పడుతుంది. దారిలో రెండు చోట్ల ఖాడీ అడ్డమొస్తే బస్సుతో సహా ఫెర్రీ ఎక్కాం. ఎక్కినప్పుడల్లా నాన్నమ్మ జెట్టీ స్తంభాల వైపు వంగి చూసేది. నీటి మీద ఎంత ఎత్తున చార ఉంది, పీతలు ఎక్కడున్నాయి, చిప్పలు ఎక్కడ అంటుకున్నాయి. పక్కన కూర్చున్న బెంగాలీ ఆవిడ, "క్యా దేఖ్ రహీ హో, దీదీ?" అంటే, "ఘర్ కా హిసాబ్," ఇంటి లెక్క అని, మళ్లీ స్తంభాల వైపు వంగింది.

మర్నాడు పొద్దున మేనత్తా మామయ్యా మమ్మల్ని సముద్రం దగ్గరకి తీసుకెళ్లారు. అక్కడ చూసింది నాకు ఇప్పటికీ సరిగా చెప్పడం రాదు. చూసింది చూసినట్టు రాస్తాను.

సముద్రం ఉండాల్సిన చోట తెల్లటి నేల ఉంది. అది నేల కాదు, పగడపు రాళ్లు. కొన్ని గొడుగుల్లా, కొన్ని జింక కొమ్ముల్లా, కొన్ని మెదడు ముడతల్లా. అన్నీ ఎండిపోయి సున్నం కొట్టినట్టున్నాయి. మధ్యమధ్యలో నా రెండు చేతులూ పట్టనంత పెద్ద చిప్పలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఎండు చేపల వాసన, దాని కింద ఇంకేదో పాత వాసన. ఎన్నాళ్లుగానో వెలుతురు తగలనిది ఏదో ఇప్పుడే ఆరుతున్నట్టు. పక్కన మడ చెట్లు వేళ్లన్నీ బయటపెట్టి, పాదాల మీద లేచి నిలబడ్డట్టున్నాయి. వాటి కింద చుక్క నీరు లేదు. ఆకులు రాలిపోతున్నాయి. చెక్క జెట్టీ మెట్లు గాల్లో ఆగిపోయాయి. చివరి మెట్టు మీద నాచు ఎండి గడ్డిలా వేలాడుతోంది. దూరంగా సాడిల్ పీక్ కొండ మబ్బు కప్పుకుని ఏమీ ఎరగనట్టు ఉంది.

నేను చెప్పులు విప్పేశాను. ఎందుకో తెలీదు. చర్చిలోకి వెళ్లేటప్పుడు విప్పినట్టు విప్పేశాను. రాళ్లు గుచ్చుకున్నాయి.

"ఏస్కోవే, కాళ్లు కోసుకుపోతాయి," అంది మేనత్త. "మొదట్లో మేవూ ఇలాగే నోళ్లు ఎళ్లబెట్టినాం. ఇప్పుడు ఇక్కడ పిల్లలు క్రికెట్టు ఆడతన్నారు."

నాన్నమ్మ కర్ర ఊతంతో నెమ్మదిగా చివరి దాకా నడిచింది. నీళ్లు మొదలయ్యే చోట నిలబడి, మామయ్యని అడిగింది.

"ఈ నీళ్లూ, మా ఖాడీ నీళ్లూ ఒకటేనా అల్లుడూ?"

"ఒకటే అత్తా. ఒకే సముద్రం."

"మరి ఇక్కడ దిగితే అక్కడా దిగాల కదా? గంగాళంలో నీళ్లు ఒక పక్క దిగి, ఒక పక్క ఎక్కుతాయా?"

మామయ్య బుర్ర గోక్కున్నాడు. జవాబు ఆయన చెప్పలేదు. డోంగీ చెప్పింది. డోంగీ అంటే చెట్టు మానుతో చేసే చిన్న పడవ. తిరిగి వెళ్లడానికి దగ్గరి దారని ఆయన మమ్మల్ని డోంగీ ఎక్కించాడు. నాన్నమ్మని ముందు కొసన కూర్చోబెట్టి, తాను వెనక కొసన కూర్చున్నాడు. మామయ్య మంచి లావు మనిషి. ఆయన కూర్చోగానే వెనక దిగి, ముందు కొస నాన్నమ్మతో సహా జానెడు పైకి లేచింది.

"ఓలమ్మా!" అని నాన్నమ్మ అంచు పట్టుకుంది. మేనత్త నవ్వింది, "మా ఆయన బరువు అలాటిదే" అని. నాన్నమ్మ నవ్వలేదు. ముందు కింద నీళ్లు చూసింది, తర్వాత మామయ్య వైపు చూసింది, తర్వాత దక్షిణం వైపు, మా ఊరి వైపు చూసింది.

"నీళ్లు కదల్లేదు," అంది మెల్లగా. "నేల కదిలింది. ఇటు లేచింది. అటు కూకుంది."

నేను అంతవరకూ ఓడ ఊగుతుందని ఎరుగుదును, డోంగీ ఊగుతుందని ఎరుగుదును. మేము పుట్టిన కొండ, అడవి, పొయ్యిలు, పొలం, డిగ్లీపూర్ దాకా ఉన్న మొత్తం ఒకే డోంగీ అనీ, ఒక పొద్దున అది ఒరిగిందనీ, అందులో నేను జడ వేయించుకుంటూ కూర్చున్నాననీ అప్పుడు తెలిసింది. ఆ సంగతి ఆఫీసు వాళ్లు తర్వాత చెప్పారు, పేపర్లో కూడా వచ్చిందట. మాకు మాత్రం నాన్నమ్మే ముందు చెప్పింది.

మేనత్త వాళ్ల పొలం ఏటి పక్కన, మంచినీటి నేల. వానలు పడగానే ఆకుమడి దున్నించి, నాన్నమ్మ తన సంచి తానే విప్పి, తన చేత్తో జల్లింది. మొలక వచ్చేదాకా ఉంది. పచ్చగా దట్టంగా వచ్చాక, "ఇంక ఎల్దాం, అక్కడిది సూడాల," అంది.

మేము ఇంటికి వచ్చేసరికి నాన్న నాట్లు వేసేశాడు. కట్ట పూడ్చారు, ఎత్తు పెంచారు. పోటు చిన్నగా ఉండే రోజులవి. వానకి ఉప్పు కడుక్కుపోయి, మడుల్లో వాన నీళ్లు నిలిచి, నారు గాలికి ఊగుతోంది. నాన్న కట్ట మీద నిలబడి, పెళ్లికొడుకులా చూస్తున్నాడు మా వైపు.

"దా అమ్మా. ఇప్పుడు నడవొచ్చు. గుంజ సూద్దువు గాని దా."

నాన్నమ్మ నా భుజం పట్టుకుని గేటు దాకా నడిచింది. గుంజ దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది. పాటు వేళ కాబట్టి గేటు దూలం బురదలోంచి కొంచెం కనబడుతోంది. ఆమె కర్ర కొసతో దూలం తాకింది. తర్వాత గుంజ మీద కింది గంటు తాకింది. రెండూ సమానంగా ఉండాలి. కింది గంటు దూలం మీద మూడు జానల ఎత్తున ఉంది.

"గుంజ పెరిగిందేటిరా?" అంది.

నాన్న గుంజ మొదట్లో మట్టి కాలితో నొక్కాడు.

"పెరగడమేటమ్మా. బురద మెత్తబడిపోనాది కదా, గుంజ దిగబడిపోతంది. అందుకని కొంచెం పైకి తీసి మళ్లీ పాతినాను."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

"దూలం సూడనేదా?"

"దూలం కూడా దిగబడిందనుకున్నాను. గేటు మొత్తం దిగబడిందనుకున్నాను. కట్ట కూడా అణిగిపోనాదని..." ఆయన అక్కడ ఆగిపోయాడు.

గుంజ దిగింది, గేటు దిగింది, కట్ట దిగింది. ఒక్కొక్కటి విడివిడిగా దిగాయని నాన్న నమ్మాడు. నేలే దిగిందన్న ఒక్క మాట మాత్రం ఆయన మనసు అననివ్వలేదు. ఆయన మమ్మల్ని మోసం చెయ్యలేదు. అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. కొలిచే కర్రనే లాగి, నీళ్లు దిగాయని సంతోషపడ్డాడు. ఇన్నేళ్లూ తప్పు చెప్పని కర్ర అది. తప్పు చెప్పించింది తన చెయ్యేనని ఆయనకి తట్టలేదు.

నాన్నమ్మ తిట్టలేదు. "అమావాస్య ఎప్పుడు?" అని అడిగింది.

"ఇంకో ఐదు రోజులుంది."

"సరే."

అమావాస్య రోజు పొద్దున్నే అందరం కట్ట పక్కన మెరక మీద నిలబడ్డాం. వాన లేదు, గాలి లేదు. మొదట మడ వేళ్లు మునిగాయి. తర్వాత దూలం. తర్వాత నీళ్లు కట్టకి ఆనుకుని పైకి రావడం మొదలుపెట్టాయి. అల లేదు, చప్పుడు లేదు. నేను సునామీ శబ్దం విన్నదాన్ని, కానీ నాకు అంత భయం వేసింది ఈ చప్పుడు లేని నీళ్లకే. భయమని కూడా అనలేను. అంత పెద్ద సముద్రం, ఎవరినీ తొయ్యకుండా, తన ఇంట్లోకి తాను వస్తున్నట్టు వచ్చింది. కట్ట తలకి సమానమై ఒక్క క్షణం ఆగింది. అద్దంలా ఉంది, అందులో మా కొండ కనబడుతోంది. అప్పుడు ఒక చోట సన్నగా, దారంలా, లోపలికి జారింది. ఇంకో చోట. తర్వాత కట్ట పొడుగునా జారింది. నారు ఒక్కొక్క వరస మునుగుతూ పోయింది. మధ్యలో మొక్కల కొసలు కాసేపు ఆకుపచ్చ చుక్కల్లా మిగిలి, అవీ పోయాయి. ఒక చేప పిల్ల నారు మధ్య నుంచి ఎగిరి పడింది.

నాన్న గుంజ వైపు చూస్తున్నాడు. నీళ్లు మూడో గంటు మీద ఉన్నాయి. మూడో గంటు మీద నీళ్లుంటే పొలం మునగకూడదు. అది చిన్నప్పటి నుంచి ఆయనకి తెలిసిన లెక్క. కళ్ల ముందు పొలం మునిగి ఉంది.

పాటు వచ్చి నీళ్లు తీశాక ఆయన గునపం తీసుకుని బురదలోకి దిగాడు. గుంజ చుట్టూ తవ్వాడు. రెండు చేతులతో కావలించుకుని కిందకి దింపాడు. కింది గంటు దూలానికి సమానమయ్యిందో లేదో వేళ్లతో తడిమి తడిమి చూశాడు. తర్వాత మట్టి తొక్కాడు. సాయంత్రం పోటుకి మళ్లీ వెళ్లి చూశాం. ఐదు గంట్లూ మునిగాయి, గుంజ తల మునిగింది. అది ఉన్న చోట ఒక చిన్న సుడి మాత్రం తిరుగుతోంది.

"ఇప్పుడు సరిగా ఉంది," అంది నాన్నమ్మ.

నాన్న అప్పుడు ఏడ్చాడు. నారు కోసం కాదనుకుంటాను. "నీ విత్తనం సగం సంపేసినానమ్మా," అన్నాడు.

"సగం బతికుందిరా. అందుకే కదా నాకు మోకాళ్లిచ్చినాడు దేవుడు, బస్సెక్కడానికి."

వారం తిరక్కుండా నారు కొసలు ఎర్రబడి, కాలినట్టయిపోయాయి. ఒక్క దుబ్బు మిగల్లేదు.

ఆ ఏడు డిగ్లీపూర్ పంట కోశాక మేనత్త విత్తనం సంచి బస్సులో పంపింది. నాన్న రోడ్డు దగ్గర పొద్దుటి నుంచి కూర్చున్నాడు. కండక్టరు సంచి దింపి, "క్యా హై ఇస్‌మే, సోనా?" అని, బంగారమేమో అన్నట్టు వేళాకోళం చేస్తే, ఈయన "హాఁ," అన్నాడట నిజంగానే. ఇంటికి తెచ్చి నాన్నమ్మ ఒడిలో పెట్టాడు. ఆమె మూతి విప్పి, ముఖం లోపల పెట్టి, అలాగే ఉండిపోయింది.

మాకు మిగిలిన నేల విత్తనం మడి ఒక్కటే, కొబ్బరి తోట అంచున ఉన్న పై మడి. నాలుగు మంచాలు వేస్తే నిండిపోతుంది. దానికి ఉప్పునీళ్లు తగలవు. నాన్న అందులో చల్లాడు. తినడానికి కాదు. విత్తనం కోసం. వచ్చిన దాంట్లో సగం ఉంచుకుని, సగం మళ్లీ డిగ్లీపూర్ పంపాడు. అప్పటి నుంచి ఏటేటా అదే పద్ధతి. ఇటు సగం, అటు సగం. డోంగీ ఈసారి ఎటు ఒరిగినా ఒక కొసన ఉంటుంది కదా.

కట్ట కరిగిపోయింది. మా పొలంలో ఇప్పుడు మడ మొక్కలు లేచాయి. కొంగలు దిగుతాయి. పాటు వేళ గుంజ బయటపడుతుంది, చిప్పలు అంటుకుని తెల్లగా.

నాన్నమ్మ చివరి ఏడు మా ఇంటికి ఎవరో కొత్తవాళ్లు వచ్చి ఊరి గురించి అడిగారు. ఆమె మంచం మీద నుంచే చెయ్యి చాచింది. కొండ చెప్పింది, జంగిల్ చెప్పింది, సుపారీ చెప్పింది. పొయ్యిల దగ్గర "నౌ పొయ్యిలు" అంది, మూడు ఇళ్లవాళ్లు అప్పటికే పట్నంలో మిడిల్ పాయింట్ వైపు వెళ్లిపోయారు. "పొయ్యిల కింద కొబ్బరి," అని ఆగింది. నాన్న గుమ్మంలో నిలబడి, ఇంక ఏం చెబుతుందా అని చూస్తున్నాడు.

"కొబ్బరి కింద ఖాడీ," అంది. "ఖాడీ కింద మా పొలం."